ఓబుల్రెడ్డి కడుపులో నాకు కనపడని మందు

ఇరవై ఆరేండ్లు నేను మనుషుల కడుపుల్లోకి తొంగిచూసి బతికాను. నిజానికి చూసేది డాక్టరు. ఆయన చూసేటప్పుడు ఆ మనిషి లేచి పెన్నా దాటి పారిపోకుండా తల పట్టుకునేది నేను. ఎండోస్కోపీ టెక్నీషియన్ అంటారు ఈ పనిని. నా పేరు సుబ్బరాయుడని ప్రొద్దుటూరులో మా ఇంటి రేషన్ కార్డుకు, మా డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. "గొట్టం సుబ్బన్న" అంటే మాత్రం జమ్మలమడుగు బస్టాండులో కుక్కలు కూడా లేచి దారి చూపిస్తాయి.

రోజూ వంగి వంగి నడుములో రెండు పూసలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దిగమంటే దిగలేదు. యాభై రెండేండ్లకే పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, ఇందులో ముఖ్యమైనది ఏమిటన్నా అని అడుగుతుంటారు. గొట్టం శుభ్రంగా కడగడం అంటాను. ఒకరి కడుపులోంచి తీసింది ఇంకొకరి కడుపులోకి పోతుంది కాబట్టి అంతకన్నా పెద్ద పని లేదు. ఇంకా ఏమిటని అడిగితే, అనుమానించడం అంటాను. వాళ్ళు నవ్వి కాఫీ తాగి వెళ్ళిపోతారు. అందుకే ఇది రాస్తున్నాను.

నోట్లో వేసుకోవడం తినడం కాదు

కడుపు పరీక్షకు పరగడుపున రావాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. ఈ మాట ముందురోజు రోగికి మూడుసార్లు, రోగి వెంట వచ్చినవాళ్ళకు ఆరుసార్లు చెబుతాం. ఇంత చెప్పినాక ఏమవుతుందో వినండి.

"ఏమన్నా తిన్నావా అవ్వా?"

"నీళ్ళు గూడా ముట్టలేదప్పా, మా ఇంటి దేవునిమీద ఒట్టు."

గొట్టం లోపలికి పోతుంది. తెరమీద ఉగ్గాని కనపడుతుంది. బొరుగులు ఒక్కొక్కటి మల్లెమొగ్గంత పెద్దగా, పక్కన మిరపకాయ బజ్జీ, దానిమీద ఎర్రగడ్డ ముక్కలు. హోటల్లో ప్లేటులో పెట్టిచ్చినంత అందంగా ఉంటుంది. గొట్టం బయటికి తీసేస్తాం. ఆ తిండి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

"ఉగ్గాని తిన్నావు గదా అవ్వా?"

"అది తినడం యాడయితాదప్పా? రొంత నోట్లో ఏసుకున్యా."

కాబట్టి తిన్నావా అని అడగొద్దు. లేచినప్పటి నుంచి నోట్లోకి ఏమేమి పోయిందో చెప్పమని అడగండి. తాగుడు గురించి భార్య ముందు అడగొద్దు, విడిగా అడగండి. "ఎప్పుడన్నా ఒకసారి" అన్న మనిషి కాలేయం గట్టిపడి, ఆహారనాళంలో సిరలు వానపాముల్లా ఉబ్బి కనపడితే ఆశ్చర్యపోవద్దు. మాత్రలు ఏమైనా వాడుతున్నావా అని ఒకసారి అడిగి వదిలేయొద్దు. మా వైపు జనం లెక్కలో పెద్దాసుపత్రి చీటీ మీద రాసింది మాత్రమే మాత్ర. మిగిలినవి లెక్కలోకి రావు. ఈ ఒక్క మాట నాకు ముందే ఒంటబట్టి ఉంటే, ఇప్పుడు చెప్పబోయే కథ జరిగేదే కాదు.

అందరికీ ఒకటే జబ్బు, గ్యాసు

మా పెద్ద డాక్టరు శేషాచలం గారు మాటకు పన్ను కట్టాలన్నట్టు మాట్లాడేవారు. సోమ, బుధ, శుక్రవారాలు ప్రొద్దుటూరు, మంగళవారం జమ్మలమడుగు, శనివారం పులివెందుల. కారులో వెనకసీట్లో నేను, నా ఒడిలో గొట్టం పెట్టె. గుడ్లమీద కోడి కూర్చున్నట్టు దాన్ని కాపాడుకుంటూ పోయేవాణ్ణి. ఆ మూడూళ్ళలో నేను చూసిన రోగుల్లో మూడొంతుల మంది ఒకే జబ్బుతో వచ్చారు. గ్యాసు. తలనొప్పి గ్యాసు, మోకాలు గ్యాసు, కోడలు మాట వినకపోవడం కూడా గ్యాసే. పులివెందులలో ఒక పెద్దాయన తేన్పు తేన్చితే గోడకున్న క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరిగింది.

అలాంటి ఒక శనివారం తుమ్మలపల్లె గనిలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి వచ్చాడు. నలభై ఐదేండ్లుంటాయి. "గ్యాసు రొమ్ములో పట్టేసిందన్నా, గొట్టమేసి తీసెయ్యి" అన్నాడు. నేను చీటీ రాసి వరసలో కూర్చోబెట్టాను. డాక్టరు గారు గదిలోంచి బయటికి వచ్చి ఆ మనిషి చొక్కా చూశారు. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసి ఉంది. ఎడమ దవడ చేత్తో పట్టుకొని ఉన్నాడు.

"దవడలో గ్యాసు ఉంటుందా సుబ్బరాయుడూ?" అన్నారు నాతో. అంతే అన్నారు. ఈసీజీ తీస్తే గుండెపోటు. ఆ మనిషి బతికాడు. ఈరోజుకీ ఎక్కడైనా కనపడితే, గ్యాసు తీసినావన్నా అని దండం పెడతాడు. తీసింది నేను కాదని చెప్పినా నమ్మడు.

రోగులకు కూడా నాలుగు మాటలు ఇక్కడే చెప్పేస్తాను. రొమ్ములో మంట, పుల్లటి తేన్పులు, తిన్న వెంటనే పడుకుంటే ఎక్కువవుతుంటే అది కడుపులోని ఆమ్లం పైకి రావడం. తినడానికీ పడుకోవడానికీ రెండు మూడు గంటలు ఎడం పెడితే సగం తగ్గుతుంది. నూనె పదార్థాలు తిన్నాక కుడివైపు డొక్కలో నొప్పి పట్టి వీపుకు పాకుతుంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూడాలి. దానికి గొట్టం పనికిరాదు, స్కానింగు కావాలి. పొట్ట పైభాగంలో కొరుకుతున్నట్టు నొప్పి, తింటే తగ్గడమో పెరగడమో ఉంటే పుండు కావచ్చు. పుండుకు మామూలుగా రెండే కారణాలు. ఒకటి కడుపులో కాపురం పెట్టే ఒక క్రిమి, రెండు వారాలు మాత్రలు వాడితే పోతుంది. రెండోది నొప్పి మాత్రలు. ఇక కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, రక్తం వాంతి కావడం, దొడ్డికి తారులాగా నల్లగా పోవడం, వీటిలో ఏది ఉన్నా గ్యాసు అన్న మాట ఎవరి నోట వచ్చినా వినొద్దు. నా నోట వచ్చినా సరే.

నల్లగా పోవడం మాత్రం ఇనుము మాత్రలు వాడేవాళ్ళకూ ఉంటుంది. దాన్ని కూడా అనుమానించి, అడిగి తెలుసుకోవాలి.

ఆ మంగళవారం

ఓబుల్రెడ్డి పెద్దముడియం మండలంలో శనగ పండించే రైతు. అరవై దగ్గర పడ్డాయి. మీసాలు రెండు పక్కలా ఎద్దు కొమ్ముల్లా లేచి ఉండేవి. భార్య చనిపోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. తమ్ముడితో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. వండి పెట్టేది తమ్ముడి భార్య రామలక్షుమ్మ. ఆరునెలల్లో ఓబుల్రెడ్డి ఎనిమిది కిలోలు తగ్గాడు. ఆ మీసాలు బరువెక్కి మొహం కిందికి వంగినట్టు కనపడింది.

మాత్రలు ఏమైనా వాడుతున్నావా మామా అని అడిగాను. "మాత్ర మొగం గూడా సూడలేదు" అన్నాడు. రాసుకున్నాను.

గొట్టం వేశారు. కడుపు కింది భాగంలో పుండు, రూపాయి బిళ్ళంత. కడుపులో పుండు కనపడితే దాని అంచులోంచి చిన్న చిన్న ముక్కలు కొరికి తీసి, క్యాన్సరు కాదు కదా అని పరీక్షకు పంపాలి. డాక్టరు తీశారు. నేను మందునీళ్ళ సీసాలో వేసి మూత పెట్టాను. ఒక్కో ముక్క ఆవగింజంత.

డాక్టరు ఎనిమిది వారాలకు మాత్రలు రాసి పక్క గదిలోకి వెళ్ళారు. ఓబుల్రెడ్డి చీటీ తీసుకోలేదు.

"ఈ మాత్రలు ఏం జేస్తాయిలే సుబ్బన్నా. నాకు మందు పెట్టినారు."

మా వైపు ఈ మాట తెలియనివాళ్ళు లేరు. గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో ముద్దగా పట్టుకొని మనిషిని ఎండబెడుతుందని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళు వేరే ఉంటారు. ఏదో పసరు తాగిస్తారు, రోగి పేగులు నోట్లోకి వచ్చేదాకా వాంతి చేసుకుంటాడు, చివర్లో వాంతిలో ఒక నల్లటి ఉండ కనపడుతుంది. ఆ ఉండ రోగి నోట్లోంచి కన్నా కక్కించేవాడి గుప్పిట్లోంచి రావడానికే దారి దగ్గరని నా అనుమానం.

"ఎవరు పెట్టినారు మామా?"

"అన్నం పెట్టేది ఎవరో ఆ యమ్మే. నేను పోతే నా భాగం గూడా వాళ్ళదే గదా. బేస్తవారం పోయి కక్కించుకుంటా."

రూపాయంత పుండు ఉన్న మనిషి పసరు తాగి అంత వాంతి చేసుకుంటే పుండు చీలి అక్కడే పడిపోవచ్చు. ఆ మాట ఆయనకు నిదానంగా చెప్పాల్సింది. లేదా డాక్టరును పిలవాల్సింది. బయట వరసలో నలభైమంది ఉన్నారు. నాకు తొందర ఉంది, దానికి తోడు పుట్టుకతో వచ్చిన కొంటెతనం ఉంది. సీసా ఎత్తి వెలుగులో పట్టుకున్నాను.

"ఎందుకు మామా కక్కించుకోవడం? ఇదో సూడు, తీసేసినాం. ఇంక నీ కడుపులో ఏం లేదు. ఈ మాత్రలు మింగు, పుండు మానిపోతాది."

ఓబుల్రెడ్డి సీసాను కళ్ళకు ఆనించుకొని చూశాడు. "ఇదేనా?"

"ఇదే."

చీటీ తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. ఎంత తెలివైనవాణ్ణి నేను అనుకున్నాను. ఆ సాయంత్రం కారులో డాక్టరుకు చెప్పి నవ్విద్దామని కూడా అనుకొని, ఆయనకు నవ్వు రాదని మానుకున్నాను. ఆ రోజు ఆయన్ను నవ్వించడానికి ప్రయత్నించి ఉన్నా సరిపోయేది.

అడగని ప్రశ్న

పరీక్ష ఫలితం వారానికి వచ్చింది. క్యాన్సరు లేదు. ఆ క్రిమి కూడా లేదు. డాక్టరు చూసి పక్కన పెన్నుతో ఒక ప్రశ్నార్థకం గీశారు. "మరి పుండు ఎందుకొచ్చింది? ఫోన్ చేసి మాత్రల సంగతి మళ్ళీ అడుగు" అన్నారు.

నేను మొదటిసారే అడిగి రాసుకున్నాను కదా, మాత్ర మొహం చూడలేదని. ఫోన్ చేయలేదు. ఫైల్లో పెట్టేశాను.

కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పరీక్షలో ఏమీ లేదని వస్తే రోగి సంతోషించాలి, మనం కాదు. మనకు అప్పుడే పని మొదలవుతుంది.

ఐదు వారాల తర్వాత ఒక శుక్రవారం పొద్దున ఓబుల్రెడ్డిని ప్రొద్దుటూరుకు ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. మొహం సున్నం కొట్టిన గోడలాగా ఉంది. రెండు రోజులుగా నల్లగా పోతున్నాడు, బాత్రూములో కళ్ళు తిరిగి పడ్డాడు. వెంట తమ్ముడు ఒక్కడే వచ్చాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం ఎప్పుడూ నేర్చుకోని మనిషి, ఆటోవాడు ఎంత చెబితే అంతకు తల ఊపుతున్నాడు. రక్తం ఎక్కించాం. డాక్టరు గొట్టం వేసి, పుండులోంచి ఉబుకుతున్న రక్తాన్ని సూదితో, క్లిప్పుతో ఆపారు. ఆ అరగంటలో నేను మొక్కుకున్న దేవుళ్ళందరికీ మొక్కులు తీర్చాలంటే నాకింకో రెండు జన్మలు కావాలి.

మధ్యాహ్నానికి ఓబుల్రెడ్డి కళ్ళు తెరిచాడు. మొదటి మాట: "మళ్ళీ పెట్టింది."

"ఎవరు?" అన్నాను.

తమ్ముడు నేల చూస్తూ చెప్పాడు. "ఆమె ఈడ లేదప్పా. నెల దాటింది. మన జిల్లా ఖాజీపేట దగ్గర వాళ్ళమ్మోళ్ళింట్లో దిగబెట్టొచ్చినా."

"ఎందుకు?"

"నువ్వే సీసాలో సూపిచ్చినావంట గదా."

ఆ ఆవగింజంత ముక్క పెద్దముడియం చేరేసరికి నిమ్మకాయంత అయింది. ఊళ్ళోకి పోయేసరికి వెంట్రుకలు చుట్టిన ముద్ద అయింది. గోరంతను కొండంత చేసి చెప్పడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఓబుల్రెడ్డి నన్ను దాటిపోయాడు. పంచాయితీ ఏమీ జరగలేదు, ఎవరూ ఆమెను తిట్టలేదు. ఓబుల్రెడ్డి కంచం ముందునుంచి లేచిపోయాడు. మూడు రోజులు ఆమె పెట్టింది ముట్టలేదు. పక్కింటివాళ్ళు తమ పిల్లల్ని ఆ ఇంటి గడప తొక్కనివ్వలేదు. నాలుగో రోజు తమ్ముడు బండి తీశాడు. మందు తీసేశారు కాబట్టి మాత్రలెందుకని ఓబుల్రెడ్డి వారానికే అవి మానేశాడు.

"మరి నెలగా నీకు అన్నం వండేది ఎవరు మామా?" అన్నాను.

"వీడే." తమ్ముడి వైపు గడ్డం ఊపాడు. "వీడు చేసిన సంగటి ఇసిరితే గోడ పడతాది."

"మరి ఈయన వండితే ఆమె ఎట్ల పెడతాది?"

ఓబుల్రెడ్డి నా వైపు చూసిన చూపులో నాకు చోటు మారింది. అంతవరకూ నేను ఆయన మనిషిని. ఇప్పుడు ఆమె మనిషిని. "దానికి యాడాడ మనుషులుండారో నాకేం తెల్సు" అన్నాడు.

సీసా ఏది?

మరుసటి రోజు మేం పులివెందులకు పోలేదు, ఆయన కోసమే ఆగాం. పది గంటలకు ఒకామె నేరుగా నా గదిలోకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో గుడ్డసంచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గొట్టం సుబ్బన్న అంటే నువ్వేనా?"

"నేనేనమ్మా."

"సీసా ఏది?"

"ఏ సీసా?"

"నేను పెట్టిండే మందు. అందరూ సూసినారంట, ఊరంతా సూసింది. పెట్టిన నేనొక్కదాన్నే సూడలేదు. సూపియ్యి."

ఇరవై ఆరేండ్లలో నన్ను చాలామంది తిట్టారు. గొట్టం లోపల ఉండగా నా చెయ్యి కొరికినవాళ్ళున్నారు. ఆ రోజు ఆమె గొంతు పెంచలేదు, నా మొహం మాత్రం దాచుకోవడానికి చోటు దొరకలేదు. చెప్పేశాను. అది ఆయన కండే అని, పరీక్షకు తీశామని, పసరు తాగడానికి పోకుండా ఆపాలని నేను అబద్ధం ఆడానని.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చెప్పేది నిజమా, ఇది ఇంకో అబద్ధమా అని చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"మా బావను కాపాడనీకె నన్ను సంపినావు" అంది. తర్వాత సంచిలోంచి కాగితం పొట్లాలు తీసి బల్లమీద గుమ్మరించింది. "ఇవి సూడు. మోకాళ్ళ నొప్పులకని జమ్మలమడుగులో ఒకాయన కట్టిస్తాడు. రోజుకు రెండు, పొద్దున్నే వట్టి కాఫీతో. ఏడాది నుంచి మింగుతాండాడు. దిండు కింద పెట్టుకుంటాడు. ఇల్లూడ్చేది నేను గదా, నాకు తెల్దా? పుట్టింటికి పోతాపోతా వాటిలో ఇవి కొన్ని తీసుకుపోయినా. ఎందుకో నాకే తెల్దు. అనుమానమొచ్చింది."

మా డాక్టరు, నేను, తెర, గొట్టం, ప్రయోగశాల అందరం కలిసి పట్టుకోలేనిదాన్ని చీపురు పట్టిన మనిషి పట్టుకుంది. పొట్లాలు తీసుకొని డాక్టరు దగ్గరికి పోయాను. విప్పి చూశారు. రెండు రకాల నొప్పి మాత్రలు, ఒక స్టెరాయిడు. "ఇదే" అన్నారు. ఆ తర్వాత సీసా సంగతి కూడా చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రిపోర్టులో ఆ మాట నేను రాశానా?"

"లేదు సార్."

"నువ్వు ఆయన బుర్రలో రాశావు. పోయి చెరిపిరా."

చెరగని మాట

వార్డులో ఓబుల్రెడ్డి మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాను. పొట్లాలు చూపించాను. ఆయన ఓపికగా విని, "బాగా నేర్పించింది" అన్నాడు.

"మామా, నా పిల్లోళ్ళమీద ఒట్టు."

"ఆ పొద్దు ఇదే అన్నావు. ఈ పొద్దు అది కాదంటాండావు. ఏ పొద్దుది నమ్మాల నేను?"

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ఒకసారి అబద్ధమాడిన మనిషి నిజం చెప్పినా అది అబద్ధం మొహంతోనే వస్తుంది. పొట్లాలు మాత్రం మానేస్తానని డాక్టరుకు ఒప్పుకున్నాడు, ఎందుకంటే డాక్టరు ఆయనతో ఒకటే మాట అన్నారు. "మళ్ళీ మింగితే రక్తం ఎక్కించడానికి నేనుండను." రామలక్షుమ్మ వార్డు గుమ్మం దాకా వచ్చి, ఆయన మొహం గోడవైపు తిప్పుకోవడం చూసి, ఖాజీపేట బస్సెక్కి వెళ్ళిపోయింది.

కడుపులో పుండు మానిందో లేదో ఎనిమిది వారాలకు మళ్ళీ గొట్టం వేసి చూడాలి. ఆ ఎనిమిది వారాలు నేను ఒక్క కబురు పెంచి చెప్పలేదు. మా ఇంట్లోవాళ్ళు నాకు జ్వరం వచ్చిందనుకున్నారు. చివరికి ఒక ఆలోచన వచ్చి డాక్టరును అడిగాను. ఆయన సరే అన్నారు. ఖాజీపేటకు ఫోన్ చేశాను.

"నేనొచ్చి ఏం జేయాల? మళ్ళీ సీసా సూపిస్తావా?" అంది రామలక్షుమ్మ.

"ఈసారి నేను ఏమీ చూపించనమ్మా. ఆయనే చూస్తాడు."

తెర తిప్పిన రోజు

మామూలుగా తెర డాక్టరు వైపు ఉంటుంది. ఆ రోజు దాన్ని రోగి వైపు తిప్పాను. మత్తు ఇవ్వలేదు, గొంతు మొద్దుబారడానికి స్ప్రే మాత్రం కొట్టాను. ఓబుల్రెడ్డి ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. నోట్లో పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు, దాంట్లోంచి గొట్టం. తమ్ముడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. రామలక్షుమ్మ గుమ్మం దగ్గర, చేతిలో సద్ది క్యారియరుతో.

"ఇది నీ ఆహారనాళం. ఇది నీ కడుపు" అన్నారు డాక్టరు. లోపలంతా గులాబీ రంగులో తడిగా మెరుస్తోంది. పుండు ఉన్నచోట తెల్లటి మచ్చ, చుట్టూ ముడతలు. మానింది. "పొట్లాలు మానేశావు, మాత్రలు వేసుకున్నావు, మానింది. ఇప్పుడు పరీక్షకు ముక్క తీస్తాను. చూడు."

గొట్టం కొసలోంచి పిచ్చుక ముక్కులాంటి పట్టుకారు బయటికి వచ్చింది. నోరు తెరిచింది. మచ్చ అంచును కొరికింది. చిన్న రక్తపు చుక్క పూసింది. పట్టుకారు బయటికి లాగి, దాని నోట్లోని ఆవగింజంత ముక్కను ఆయన కళ్ళ ముందే సీసాలో వేశాను. అదే మందునీళ్ళు, అదే సీసా, అదే ముక్క. సీసా ఎత్తి పట్టుకున్నాను. ఈసారి నోరు తెరవలేదు.

నోట్లో గొట్టం ఉన్న మనిషి ఏమీ మాట్లాడలేడు. ఓబుల్రెడ్డి చూపు తెరమీదినుంచి సీసా మీదికి, సీసా మీదినుంచి గుమ్మం వైపుకు పోయింది. అక్కడే ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గొట్టం వేస్తే అందరికీ కారతాయి. అందుకే అవి ఎందుకు కారాయో నేను చెప్పలేను.

గొట్టం తీశాక లేచి కూర్చున్నాడు. మూతి తుడుచుకున్నాడు. పెద్ద క్షమాపణలేమీ చెప్పలేదు. ఆయన తాతల కాలం నుంచి ఆ ఇంట్లో ఆ అలవాటు లేదు. గొంతు బొంగురుగా, "క్యారియర్లో ఏంది?" అన్నాడు.

"సంగటి. గోంగూర పుల్లగూర. కారం ఎయ్యలేదు" అంది రామలక్షుమ్మ.

"పెట్టు."

నేను అడ్డం పడ్డాను. "గొంతు మొద్దుబారి ఉంది మామా. ఇప్పుడు తింటే పొరబోతాది. గంట ఆగాల."

"గంటేంది, మూడు నెల్లు ఆగినా" అంది ఆమె. నాతో కాదు, క్యారియరుతో అన్నట్టు.

వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు, మధ్యలో క్యారియరు. తమ్ముడు ఎదురుగా నిలబడి గడియారం చూస్తున్నాడు. గంట కాగానే నేనే పోయి, ఇంక తినొచ్చని చెప్పాను. ఓబుల్రెడ్డి చెయ్యి చాపాడు. రామలక్షుమ్మ మూత తీసి, సంగటి ముద్ద తుంచి, పుల్లగూరలో అద్ది, ఆయన చేతిని దాటించి నా ముందు పెట్టింది.

"ముందు నువ్వు తినన్నా. ఏమన్నా ఉంటే నీకే గదా కనపడేది."

ఓబుల్రెడ్డి తల దించుకున్నాడు. నేను ముద్ద తీసుకున్నాను. ఆమెకు నేను చేసింది చిన్న అన్యాయం కాదు, తీర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి అదను ఆమెకు దొరకదు. ఈ ఆలోచన రాలేదంటే అది నేనాడే రెండో అబద్ధమవుతుంది. చెయ్యి నోటి దగ్గర రవ్వంతసేపు ఆగింది.

ఆమె అది చూసింది. "సూసినావా ఎట్లుంటాదో" అంది.

నేను మింగాను. ఆమె రెండో ముద్ద తుంచి వాళ్ళ బావ చేతిలో పెట్టింది.